ఇరవై ఆరున వాన

నా దగ్గరొక నోటు పుస్తకం ఉంది. అందులో ఏడాదికి ఒక్క వరసే ఉంటుంది, అదీ ఒక్క రోజు గురించే. మార్చి ఇరవై ఆరు. ఆ రోజు పొద్దు ఎన్నింటికి పొడిచింది, ఎన్నింటికి గూకింది, ఎండా మబ్బా, గాలి ఎటు నుంచి, వాన పడిందా లేదా. మిగతా రోజుల్లో ఆకాశం ఏం చేసుకున్నా నాకు అక్కర్లేదు.

పొద్దు సంగతి ఏటా ఒకటే. 5.52కి పొడుస్తుంది, 6.05కి గూకుతుంది. ఎప్పుడైనా ఒక్క నిమిషం అటూ ఇటూ. ప్రభుత్వాలు మారాయి, తుపాన్లు వచ్చాయి, ఆ రోజు వెలుగులో మాత్రం కోత పడలేదు. మారేవన్నీ మిగతావే. 2001: మబ్బు, ఉక్క, వాన లేదు. 2008: నాలుగు చినుకులు, లెక్కలోకి రావు, వాన లేదు. 2019: పెరట్లో నీడ లేదు, వాన లేదు. అంతకు ముందు అక్టోబరులోనే తిత్లీ తుపాను వచ్చి మా కొబ్బరి చెట్లన్నీ నేల కూల్చింది. 2020: రోడ్డు మీద ఒక్క బండి లేదు, వాన లేదు.

'వాన లేదు' అని రాశాక దాని కింద గట్టిగా ఒక గీత గీసేదాన్ని. అలాంటి గీతలు పోయినేటికి ముప్పై రెండు అయ్యాయి. దావా వేసిన మనిషి సాక్ష్యాలు పోగేసుకున్నట్టు పోగేశాను. దావా ఎవరి మీదంటే, మా బావ మీద.

ఆ పుస్తకం అట్ట లోపల ఒక చీటీ అంటించి ఉంది. పైన మా నాన్న చేతిరాత: '26-3-93న వాన ఎంత?' కింద ఎర్ర సిరాతో ఎవరో గుమాస్తా రాసిన జవాబు: 'నిల్.' నా బతుకులో ఒక పెళ్ళి ఆగిపోయింది ఆ ఒక్క మాటతోనే.

మా బావ తిరుపతిరావు నా మేనత్త కొడుకు. వాళ్ళది అక్కుపల్లి దగ్గర ఊరు, మాది మందస పక్క పల్లె. అప్పుడు నాకు పందొమ్మిది, అతనికి ఇరవై నాలుగు. నాకు ముక్కు మీద కోపం, అతనికి నాలిక మీద కోతలు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చిన తాబేలు మీద ఎక్కి సముద్రంలో మైలు దూరం పోయి వచ్చానంటాడు. జీడితోటలో ఎలుగుబంటి ఎదురొస్తే దానికి పండు ఒలిచి పెట్టానంటాడు. కళ్ళు పెద్దవి చేసుకుని వినేదాన్ని, చివర్లో "ఇంక సాల్లే బావా" అనేదాన్ని. "నువ్వు నమ్మీదాకా సెప్తానే నీలా" అనేవాడు. చెప్పేవాడు కూడా. పదిసార్లు చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా ఎలుగుబంటి ఇంకాస్త పెరిగేది. ఆ కబుర్ల కోసమే అతని మీద మనసు పడ్డాను. అతన్ని పోగొట్టుకున్నదీ ఆ కబుర్ల వల్లే.

మా నాన్న బంగారయ్య తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. తోట గట్టు దగ్గర తగువొచ్చి మేనత్తతో పదేళ్ళు మాటల్లేవు. అలాంటి మనిషి నా మొహం చూసి, మా అమ్మ ఏడుపు చూసి, చివరికి ఒక మెట్టు దిగాడు. దిగుతూనే ఒక షరతు పెట్టాడు.

"మజ్జిన పెద్దమనుసులు వద్దు. వోడే రావాల. సీర, పసుపు కుంకం వోడే సేత్తో పట్టుకొచ్చి, పిల్లనివ్వు మావా అని నన్నడగాల. శుక్రవారం, పొద్దుండగా. పొద్దు గూకితే ఇంక ఆ మాట నేదు."

ఆ ఏడు ఉగాది బుధవారం. ఆ వెనక శుక్రవారమే మార్చి ఇరవై ఆరు.

మధ్యాహ్నం మూడింటి నుంచే అరుగు మీద కూర్చున్నాను. పూలు వాడిపోతాయని తడిగుడ్డ కప్పి పెట్టాను. కాశీబుగ్గ నుంచి మందస వచ్చే బస్సు దిగి నడిచి రావాలి అతను. మట్టిరోడ్డు మలుపులో మనిషి కనపడితే చాలు, లేచి లోపలికి పరిగెత్తాలని పాదాలు సిద్ధంగా పెట్టుకున్నాను. నాలుగింటి బస్సు జనం వచ్చారు. ఐదింటి బస్సు జనం వచ్చారు. మా ఊళ్ళో ఎండ కణకణలాడుతోంది. దక్షిణాన, బావ వాళ్ళ ఊరి వైపు, ఆకాశం నల్లబడిందేమో నాకు తెలియదు. నేను దారి చూశాను గానీ ఆకాశం చూడలేదు.

గోడగడియారం ఆరు కొట్టిన ఐదు నిమిషాలకి పొద్దు కొండల వెనక్కి జారిపోయింది. నాన్న లోపల్నుంచి వచ్చి అరుగు మీద దీపం వెలిగించి, "లేమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

బావ మర్నాడు పొద్దున్న ఏడున్నరకి వచ్చాడు. ఒంటి మీద ఎవరిదో వదులు చొక్కా, కాళ్ళకి చెప్పులు లేవు. చేతిలో గుడ్డసంచి. ఆ సంచి అడుగున కుంకం కరిగి ఎర్రటి మరక.

"వాన మావా" అన్నాడు. "బస్సు ఎక్కీసరికే మొదలయినాది. దారికడ్డంగా రెండు సెట్లు పడిపోనాయి. బస్సొగ్గేసి నడిసొచ్చినాను కాశీబుగ్గ దాకా. అప్పటికే మందస బండి ఎల్లిపోనాది."

"వానా?" అన్నాడు నాన్న. "ఇక్కడ సినుకు నేదు."

"మాయింటి వైపు పడింది మావా. వడగళ్ళు కూడా, జీడిపిక్కలంతేసి."

ఆ జీడిపిక్కలంతేసి అన్న మాట దగ్గర నా మనసు జారింది. తాబేలు గుర్తొచ్చింది, ఎలుగుబంటి గుర్తొచ్చింది. టెక్కలిలో వాలీబాల్ పోటీలు జరుగుతున్నాయని అప్పటికే ఎవరో నాన్న చెవిలో వేశారు. బావ ఆటకి పోయి పొద్దు మరిచిపోయాడని ఊరంతా అప్పుడే తేల్చేసింది.

మా నాన్నకి మనుషుల మీద నమ్మకం లేదు. "మాట మొకం సూసి మారతాది, కాగితం ఎవుడి మొకమూ సూడదు" అనేవాడు. బావని అరుగు మీద కూర్చోబెట్టి, చీటీ మీద ఆ ప్రశ్న రాసి, పాలేరుకి సైకిలిచ్చి, బావ నడిచొచ్చానన్న దారిలోని మండలాఫీసుకి పంపాడు. అక్కడ రోజూ వాన కొలిచి రిజిస్టరులో రాస్తారని నాన్నకి తెలుసు. మూడు గంటలు అలాగే కూర్చున్నాం. మా అమ్మ మజ్జిగ ఇస్తే బావ తాగలేదు. చీటీ తిరిగొచ్చింది. తెచ్చిన పాలేరుని దారి ఎలా ఉందని ఎవరం అడగలేదు. నాన్న చదివి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే సెప్పు" అన్నాడు.

ఎర్ర సిరా. నిల్. ముందురోజు సాయంత్రమంతా ఆ అరుగు మీద నేను పడిన సిగ్గు ఒక్కసారిగా నెత్తికెక్కింది. సంచి అడుగున ఎర్ర మరక నా కళ్ళెదురుగానే ఉంది. నీళ్ళు పోసి తడుపుకొచ్చాడు అనుకున్నాను. అంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో!

"అబద్ధాలకోరుతో నాను కాపరం సెయ్యనేను" అన్నాను. నాన్న అనలేదు ఆ మాట, నేనే అన్నాను. ఇన్నేళ్ళూ ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు గానీ, అన్నది నేనే.

బావ లేచాడు. "వాన పడింది నీలా" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. సంచి పట్టుకుని ఆ మట్టిరోడ్డు మీద ఉత్త కాళ్ళతో వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు నాకు పెళ్ళయింది. మా ఆయన మోహన్‌ది వజ్రపుకొత్తూరు వైపు ఊరు, కొబ్బరి, జీడి. మంచిమనిషి. ఆ మాట మాటవరసకి అనడం లేదు. పెళ్ళికి రెండు నెలల ముందే నా పుస్తకంలో మొదటి వరస రాశాను: 1994, ఎండ, వాన లేదు. అత్తారింటికి ఆ పుస్తకం పట్టుచీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను.

మా అత్తారింట్లో కూడా ఏటా ఆ రోజు మూడింటికల్లా వాకిట్లోకి పోయి కూర్చునేదాన్ని. పొద్దు గూకే దాకా లేచేదాన్ని కాదు. మూడో ఏడో నాలుగో ఏడో మా ఆయన అడిగాడు.

"పొద్దు గూకీ టైము పంచాంగంలో ఉంటాది కదా నీలవేణీ. సూసి రాసుకోవచ్చు కదా?"

"నా కళ్ళతో నాను సూసి రాయాల" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. మేనరికం కథ ఆయనకి తెలియంది కాదు, మాలో ఎవరి కథ ఎవరికి తెలియదు గనక. ఆ పైఏటి నుంచి మార్చి ఇరవై ఆరున మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీ ఆయనే తెచ్చి వాకిట్లో దారి కనపడేటట్టు వేసేవాడు. వేసి తోటలోకి వెళ్ళిపోయేవాడు. ఆయన పోయి ఏడేళ్ళయింది. ఇప్పుడు కుర్చీ నేనే వేసుకుంటున్నాను. వేసుకున్నప్పుడల్లా ఇద్దరి మీదా దిగులు పడతాను, రాని వాడి మీదా, కుర్చీ వేసిన వాడి మీదా.

బావని అస్సలు చూడలేదని కాదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో కనపడేవాడు. "బాగున్నావా నీలా?" "బాగున్నాను బావా." అంతే. నా ముందు మాత్రం మళ్ళీ ఎప్పుడూ కోతలు కొయ్యలేదు. అవతలి పందిట్లో జనాన్ని నవ్విస్తుండేవాడు, నేను వస్తే ఆపేసేవాడు. అది నాకు తగిలిన దెబ్బల్లో పెద్దది. అతనికి పెళ్ళయింది, పిల్లలు, మనవలు. నాలుగేళ్ళ కిందట కిడ్నీలు పోయాయని తెలిసింది. మా ఉద్దానం ప్రాంతంలో ఆ కబురు ఎవరింటి నుంచి వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు, డయాలసిస్ ఎన్ని రోజులకోసారి అని మాత్రం అడుగుతారు. వారానికి రెండుసార్లు అన్నారు, సోమవారం, గురువారం, పలాసలో.

ఇంక ఈ ఏడు సంగతి.

ఫిబ్రవరిలో మా పెరట్లో రెయిన్‌గేజి పెట్టారు. చెట్టూ గోడా అడ్డం లేని ఖాళీ జాగా కావాలట. తిత్లీ పుణ్యమా అని మా పెరడంత ఖాళీ ఊళ్ళో ఇంకొకటి లేదు. గరాటు మూత ఉన్న గొట్టం, లోపల సీసా, కొలవడానికి గీతల గ్లాసు. ఊరికి కొత్తగా వచ్చిన వ్యవసాయ సహాయకురాలు సంజన రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్కూటీ మీద వచ్చి చూసి రాసుకుని పోయేది. టెక్కలి పిల్ల. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మార్చి పదిహేడు దాకా అందులో చుక్క పడలేదు, ఆ పిల్ల సున్నాలు రాయడం మానలేదు.

పదిహేడు సాయంత్రం నాలుగింటికి ఉరిమి ఒక జల్లు పడింది. జీడిపిక్కలు ఏరే కాలం, తడిస్తే నల్లబడతాయని గోనెలు కప్పడానికి పరిగెత్తాను. మర్నాడు సంజన వచ్చి సీసాలో నీళ్ళు గ్లాసులో పోసి చూసి "తొమ్మిది మిల్లీమీటర్లు ఆంటీ" అంది. పద్దెనిమిదో తారీకు గడిలో రాసింది. దాని పైన పదిహేడులో సున్నా ఉంది.

నాకు తప్పు కనపడితే నోరు ఊరుకోదు.

"ఏటే పిల్లా, నిద్దట్లో రాత్తన్నావా? వాన పడింది నిన్న. నిన్నటి మీద సున్నా పెట్టి ఇయ్యాల్టి మీద రాత్తావేటి? ఇదేనా నువ్వు సదివిన అగ్రికల్చరు?"

ఆ పిల్ల నవ్వింది. "అలాగే రాయాలి ఆంటీ. నిన్న పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి ఈరోజు ఎనిమిదిన్నర దాకా పడిందంతా ఈరోజు లెక్కే. వాన ఎప్పుడు పడిందని కాదు, ఎప్పుడు కొలిచేమని చూస్తారు."

"మరి నిన్న సాయంత్రం వాన పడిందా అని రేపెవరైనా అడిగితే?"

"రిజిస్టరులో పద్దెనిమిది చూడాలి. పదిహేడు చూస్తే సున్నాయే ఉంటాది కదా."

నా చేతిలో చాట ఉంది. అందులో పిక్కలున్నాయి. చాట కింద పెట్టి గేజి పక్కనే నేల మీద చతికిలబడ్డాను.

"ఇది మీ ఆఫీసు ఒక్కదాన్లోనేనా?"

"అన్ని ఆఫీసుల్లోనూ ఇంతే ఆంటీ."

"ముందు నుంచీనా? తొంభై మూడులో కూడా?"

"నేనప్పటికి పుట్టలేదు గానీ, ముందు నుంచీ ఇంతేనంట. ఏటయింది ఆంటీ, ఒంట్లో బాగులేదా?"

నేను లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి చీటీ చూపించాను. కథంతా చెప్పలేదు, సగం చెప్పేసరికి ఆ పిల్లే మిగతా సగం అల్లుకుంది. మూడు రోజుల తర్వాత పని మీద ఆ మండలాఫీసుకి వెళ్ళినప్పుడు, బూజు కట్టల్లోంచి పాత రిజిస్టరు తీయించి ఫొటో తీసుకొచ్చింది. ఫోనులో వేళ్ళతో పెద్దది చేసి నా చేతికిచ్చి, తను పెరట్లోకి వెళ్ళిపోయింది. బుద్ధి గల పిల్ల.

అదే ఎర్ర సిరా, అదే చేతిరాత. మార్చి 26: నిల్. దాని కింది గడిలో, మార్చి 27: 41.2.

ఒక్క వరస. నా బొటనవేలి గోరంత వెడల్పు కూడా లేదు. ఆ గుమాస్తాని తిట్టుకుందామంటే అతను తప్పేం చెయ్యలేదు, అడిగిన తారీకుకి జవాబిచ్చాడు. నాన్నని తిట్టుకున్నాను కాసేపు. కాగితం ఎవుడి మొకమూ సూడదని మురిసిపోయావు కదా, ఆ కాగితాన్ని ఏమడగాలో తెలుసుకున్నావా అని గోడ మీదున్న ఆయన ఫొటో వైపు చూసి కేకలేశాను. ఆయన ఫొటోలో ఎప్పటిలాగే మీసం దువ్వుకుని ఉన్నాడు. తర్వాత ఎవరూ మిగల్లేదు తిట్టడానికి, నేను తప్ప. మరక చూశాను కదా. కుంకం తడిసిన సంచీ, ఎవరిదో చొక్కా, ఉత్త కాళ్ళు, అన్నీ చూశాను కదా. ఆ మనిషి రాత్రంతా కాశీబుగ్గలో ఏ జీడిపిక్కల బట్టీ వసారాలోనో ముడుచుకు పడుకుని మొదటి బస్సుకి వచ్చాడు. అతని మాట వదిలేసి చీటీ నమ్మాను.

పుస్తకం తెరిచి ముప్పై రెండు గీతలూ చూశాను. వాన లేదు, వాన లేదు, వాన లేదు. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ బెంగ వేసింది. ఇప్పుడు వెళ్ళి చెప్పినా ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కానీ నేను నమ్మానని తెలియకుండా అతను వెళ్ళిపోతే? కాలెండరు చూశాను. ఈ ఏడు ఇరవై ఆరు గురువారం.

ఆ రోజు కుర్చీ వెయ్యలేదు. మధ్యాహ్నం ఆటో ఎక్కి కాశీబుగ్గ వెళ్ళాను, అక్కడి నుంచి ఆసుపత్రికి. మూడు దాటింది. వరండాలో బావ భార్య ఉషారాణి టిఫిను కేరేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచింది.

"రా అక్కా. ఎండలో వచ్చినావు. ఎవురికి బాగునేదు?"

"బావని సూద్దారని వచ్చేను ఉషా."

ఆమె నా చేతిలోని పాత నోటుపుస్తకం వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. "లోనికి ఒకలినే పంపుతారు. నాను ఉదయం కాణ్ణించీ సూత్తనే ఉన్నాను, నువ్వెల్లు. ఐదింటికి వదుల్తారు" అంది. ఆమె పక్కకి జరిగి దారి ఇచ్చిన తీరు నేను మరిచిపోలేను.

లోపల చలి. వరసగా మంచాలు, మంచానికో మిషను. కిటికీ పక్క మంచం మీద బావ. ఎడమ చేతి నుంచి ఎర్రటి గొట్టాలు మిషనులోకి పోతున్నాయి. మనిషి సగమయ్యాడు. కళ్ళు మాత్రం తాబేలెక్కిన కళ్ళే.

"ఏటి నీలా, దారి తప్పినావా?"

కూర్చోమని ఎవరూ అనకముందే స్టూలు లాక్కుని కూర్చున్నాను. మాటలు వరసగా పేర్చుకుని వచ్చాను ఇంటి దగ్గర. ఒక్కటీ నిలవలేదు.

"బావా, ఆ రోజు వాన పడింది" అన్నాను.

"ఏ రోజు?"

నాకు ఒళ్ళు మండింది. "ఏ రోజేటి? నీకు గురుతు నేదా?"

"ఉంది. నీ నోట ఇందామని."

చెప్పాను. ఎనిమిదిన్నర సంగతి చెప్పాను, సీసా సంగతి, గ్లాసు సంగతి, సాయంత్రం వాన మర్నాటి గడిలోకి పోతుందని, నాన్న ఒక్క వరస పైన అడిగాడని, ఎర్ర సిరాతో నలభై ఒకటి పాయింటు రెండు అని ఉందని. సంజన ఫొటో నా ఫోనులో వేయించుకున్నాను, అది చూపించాను. ఆయాసం వచ్చేలా చెప్పాను, కోర్టులో చెప్పినట్టు. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక తెరిచాడు.

"వాన పడిందని నాకు సెప్తన్నావేటే?" అన్నాడు మెల్లగా. "తడిసింది నాను కాదా?"

నాకు ఏడుపు ఆగలేదు. పక్క మంచం మీది ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు. నర్సు ఒకసారి చూసి పోయింది. ముప్పై మూడేళ్ళుగా రిజిస్టర్లూ గడులూ అవసరం లేకుండా ఆ వాన ఈ మనిషి ఒంటి మీద ఉంది. తెలియనిది నాకొక్కదానికే.

"మరి అప్పుడే గట్టిగా ఎందుకు సెప్పనేదు బావా? ఇంకోపాలి సెప్తే..."

"సెప్పేను కదే. అబద్దమైతే పదిసార్లు సెప్పీవోణ్ణి. నిజం కదా, ఒక్కపాలి సెప్తే సాలనుకున్నాను."

తర్వాత అతని పెదవి మూల పాత వంకర కనపడింది.

"ఎంతన్నావు వాన?"

"నలభై ఒకటి పాయింటు రెండు మిల్లీమీటర్లు."

"అంతేనా? నాను గజం ఎత్తు అనుకున్నాను. ఆ గుమాస్తా సగం తాగేసుంటాడు."

నవ్వాను. ఏడుస్తూనే నవ్వాను. నా ముందు బావ కోత కొయ్యడం ముప్పై మూడేళ్ళ తర్వాత మళ్ళీ అదే.

ఒళ్ళో పుస్తకం చూసి చెయ్యి చాపాడు. కుడి చేత్తో ఒక్కో పేజీ తిప్పాడు. చదవడానికి మొదట్లో నవ్వు మొహమే పెట్టాడు. తిప్పగా తిప్పగా ఆ నవ్వు పోయింది.

"వాన నేదు, వాన నేదు. ఇంత కోపమేటే నా మీద?"

"కోపమని నానూ అనుకున్నాను."

"5.52, 6.05. పొద్దు గూకీ టైము పంచాంగంలో ఉంటాది కదా. ఏటా ఇలగ రాసుకోడమెందుకు?"

ఆ ప్రశ్న నన్ను అడిగిన రెండో మనిషి అతను. మొదటి మనిషికి చెప్పిన జవాబు ఇతనికి చెప్పలేకపోయాను.

"పొద్దు కోసం కాదు బావా. దారి సూసీదాన్ని. నువ్వొత్తావేమో అని ఏటా వాకిట్లో కూకొని సూసీదాన్ని."

అతను కిటికీ వైపు తిరిగాడు. బయట ఇంకా మంచి ఎండ ఉంది. గోడ మీద గడియారంలో పావు తక్కువ ఐదు. మళ్ళీ ఇటు తిరిగి, పుస్తకం మొదటి పేజీకి వచ్చాడు.

"తొంభై నాలుగు నుంచే ఉన్నాది. తొంభై మూడేది?"

నిజమే. ఆ వరస నేను ఎప్పుడూ రాయలేదు. చీటీ ఉంది కదా అనుకున్నాను.

సంచిలోంచి పెన్ను తీశాను. మొదటి వరస పైన, అట్టకీ గీతకీ మధ్య ఉన్న కాస్త జాగాలో, స్టూలు మీద వంగి రాశాను. పొద్దు పొడుపు 5.52. పొద్దు గూకింది 6.05. వాన 41.2. వడగళ్ళు, జీడిపిక్కలంత. అతను కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"తారీకు సరిగ్గా ఏసినావా?" అన్నాడు.

"ఏసినాను. ఇరవై ఆరే బావా."